మందులు ఇచ్చే చోటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష: ఏఆర్‌టీ కేంద్రంలోని స్వీయ నమూనా సేవపై సమీక్ష

హెచ్ఐవీతో జీవిస్తున్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందస్తు పరీక్షను ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే) మందులు ఇచ్చే చోటే, నమూనాను మనమే తీసుకునే పద్ధతిలో అందించే సేవను నేను వాడాను. పరీక్ష ఒక్కటే కాదు, దాని ఫలితం, ఆ ఫలితం వల్ల చేయించుకోవాల్సి వచ్చిన చికిత్స, ఏడాది తర్వాత మళ్ళీ చేసిన పరీక్ష వరకు ఈ సేవలోని అన్ని మెట్లూ ఎక్కాను. కాబట్టి కిట్టు బాగుందా లేదా అన్న ప్రశ్న దగ్గర ఆగకుండా మొత్తం సేవ గురించి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పరీక్ష బాగుంది. అది జరిగే చోటు ఇంకా బాగుంది. పెద్ద చికిత్స అవసరమైన స్త్రీని ఆ చోటు నుంచి మరో ఆసుపత్రికి పంపే ఏర్పాటు మాత్రం బాగా లేదు, దాన్ని సరిదిద్దనంత వరకు ఈ సేవ సగమే పూర్తయినట్టు. తన హెచ్ఐవీ స్థితిని కొత్తవారికి మళ్ళీ చెప్పుకోవాల్సిన అవసరం లేనంత దూరం స్త్రీలు ఈ సేవ వెంట ఇష్టంగా నడుస్తున్నారు. ఆ అవసరం ఎదురైన చోట వెనక్కి తిరుగుతున్నారు. నేను చూసిన మంచీ చెడూ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంది.

ఈ పరీక్ష మనకు అందరికంటే ఎక్కువ అవసరం. హెచ్ఐవీ ఉన్న స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే ముప్పు, హెచ్ఐవీ లేని స్త్రీతో పోలిస్తే సుమారు 6 రెట్లు ఎక్కువ. ఈ క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాల్లోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో 16, 18 అనే రెండు రకాలే సుమారు 70 శాతం కేసులకు మూలం. చాలామంది స్త్రీలలో ఈ వైరస్‌ను శరీరమే ఒకటి రెండేళ్ళలో అణిచేస్తుంది. రోగనిరోధక శక్తి తగ్గిన శరీరంలో అది తిష్ట వేసుకునే అవకాశం ఎక్కువ. అలా తిష్ట వేసిన వైరస్ మామూలుగా కణాలను మార్చి క్యాన్సర్‌గా పరిణమించడానికి 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. హెచ్ఐవీకి చికిత్స అందక రోగనిరోధక శక్తి బలహీనపడిన స్త్రీలలో ఆ వ్యవధి 5 నుంచి 10 ఏళ్ళకు కుదించుకుపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడితే ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. అందుకే వైరల్ లోడ్, అంటే రక్తంలోని హెచ్ఐవీ పరిమాణం, కనపడనంత తక్కువగా ఉన్న స్త్రీ కూడా, నేను బాగానే ఉన్నాను కదా అని ఈ పరీక్షను వాయిదా వేయకూడదు.

ఈ రెండు వైరస్‌ల సంబంధం వైద్యానికి కొత్తగా తెలిసిందేమీ కాదు. అమెరికాలోని వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 1993లోనే, లోపలి కణజాలంలోకి చొచ్చుకుపోయిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఎయిడ్స్ దశను నిర్ధారించే వ్యాధుల జాబితాలో చేర్చింది. 2008లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం, ఈ క్యాన్సర్‌కు హెచ్‌పీవీ కారణమని చూపిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు దక్కగా, మిగతా సగం హెచ్ఐవీని కనుగొన్న ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంటానియేలకు దక్కింది. బహుమతి ఇచ్చిన వేదిక మీద పక్కపక్కనే నిలిచిన ఈ రెండు వ్యాధుల విజ్ఞానం, ఆసుపత్రుల్లో మాత్రం ఏళ్ళ తరబడి వేరువేరు విభాగాల్లో, వేరువేరు రిజిస్టర్లలో, ఒకరితో ఒకరికి మాటలు లేనట్టుగా ఉండిపోయింది. మందులకు వెళ్ళిన ప్రతిసారీ నన్ను దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గావా, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా అని క్షయ గురించి ఆ నాలుగు ప్రశ్నలూ అడిగేవారు. అది చాలా మంచి అలవాటు. ఐదో ప్రశ్నగా, గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని అడిగినవారు ఎన్నో ఏళ్ళ పాటు ఒక్కరూ లేరు.

అడిగినా, అప్పటి ఏర్పాటు మేలు చేసేది కాదు. చేతికి ఒక చీటీ ఇచ్చి వేరే ఆసుపత్రిలోని స్త్రీల వ్యాధుల విభాగానికి వెళ్ళమనేవారు. ఆ చీటీ మీద మన స్థితి రాసి ఉండేది. వరుసలో నిలబడిన వారి ముందు దాన్ని ఎవరు చదువుతారో, ఎంత గట్టిగా చదువుతారో, చదివాక ముఖం ఎలా పెడతారో ముందుగా తెలియదు. అలా వెళ్ళిన ఒక చోట, నా వంతు వచ్చాక, పరికరాలు శుభ్రం చేసుకోవాలి కాబట్టి నన్ను అందరికంటే చివర చూస్తామని చెప్పి బల్ల మీద నుంచి దింపారు. పరికరాలను ప్రతి రోగికీ ఒకే తీరుగా శుద్ధి చేయాలన్నది వైద్యంలో మొదటి పాఠం. ఒక స్త్రీని చివరకు నెట్టడానికి అది కారణం కానే కాదు. ఆ తర్వాత చాలా కాలం నేను ఆ పరీక్ష మాట ఎత్తలేదు. నాలాంటి వారు ఎంతోమంది ఉన్నారు. పరీక్షకు రాని స్త్రీలను అవగాహన లేనివారని తేలిగ్గా అనేస్తారు. వారిలో చాలామందికి అవగాహన బాగానే ఉంది, ఎక్కడ ఎలాంటి మాట పడవలసి వస్తుందో అన్న అవగాహనతో సహా.

ఇక ఇప్పటి సేవ గురించి. మందులు తీసుకునే రోజున, మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే గదికి వెళ్ళే ముందే స్టాఫ్ నర్సు మన పుస్తకం చూసి, పరీక్షకు అర్హత ఉంటే అక్కడే విషయం ఎత్తుతుంది. హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు 25 ఏళ్ళ నుంచే ఈ పరీక్ష మొదలుపెట్టాలని, హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష అయితే 3 నుంచి 5 ఏళ్ళకొకసారి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మిగతా స్త్రీలకు అది 30 ఏళ్ళ నుంచి, 5 నుంచి 10 ఏళ్ళకొకసారి. ఈ తేడాను నర్సు నాకు రెండు వాక్యాల్లో అర్థమయ్యేలా చెప్పింది. ఈ సేవలో నాకు ముందుగా నచ్చింది ఇదే. ఆమెకు నా స్థితి తెలుసు, నేను వాడే మందులు తెలుసు, నా వైరల్ లోడ్ ఫలితం ఆమె ముందున్న పుస్తకంలోనే ఉంది. కొత్తగా నోరు విప్పి చెప్పుకోవాల్సింది ఏమీ లేకపోవడం ఎంత ఊరటో, ఆ అవసరం ఎన్నడూ పడని వారికి వివరించడం కష్టం.

కిట్టు చిన్నది. ఒక పొడవాటి గొట్టం, అందులో చివర మెత్తని బ్రష్ లాంటిది ఉన్న సన్నని పుల్ల, పుల్ల మధ్యలో ఒక గుర్తు, గొట్టం మీద పేరుకు బదులు సంఖ్య ఉన్న చీటీ. దానితో పాటు బొమ్మలతో ఉన్న కార్డు ఇస్తారు. చదవడం రాని స్త్రీ కూడా బొమ్మలు చూసి చేసుకోగలిగేలా ఉంది. చేతులు కడుక్కుని, ఒక కాలు కాస్త ఎత్తులో పెట్టి గానీ గొంతుక్కూర్చుని గానీ, బ్రష్ ఉన్న వైపును యోనిలోకి మెల్లగా, గుర్తు దాకా గానీ మెత్తగా అడ్డు తగిలేదాకా గానీ పంపి, కొన్నిసార్లు గుండ్రంగా తిప్పి, బయటికి తీసి గొట్టంలో పెట్టి మూత బిగించాలి. గర్భాశయ ముఖద్వారాన్ని వెతికి పట్టుకోవాల్సిన అవసరం లేదు. యోనిలోని కణాల్లో వైరస్ ఉందో లేదో చూస్తే చాలు కాబట్టి గురి తప్పుతుందన్న భయం అక్కర్లేదు. నొప్పి లేదు, కొత్తగా అనిపించే ఒక ఇబ్బంది మాత్రం ఉంది. నెలసరి రక్తస్రావం ఉన్న రోజుల్లో చేయరు, మరో రోజు రమ్మంటారు. ఇక్కడ కేంద్రంవారు ఆలోచించి చేసిన ఒక చిన్న ఏర్పాటు చెప్పాలి: ఆ గది తలుపుకు లోపలి గడియ ఉంది, చేతిసంచి పెట్టుకోవడానికి బల్ల ఉంది, నిండిన గొట్టాన్ని చేత్తో పట్టుకుని వరండాలో అందరి ముందు నడవకుండా గది లోపలే గోడలోని చిన్న కిటికీ గుండా పెట్టె వైపు జారవిడిచే వీలుంది. ఇలాంటివి లెక్కల్లోకి ఎక్కవు కానీ, రెండోసారి ఆ గదిలో అడుగు పెట్టాలా వద్దా అన్నది ఇవే నిర్ణయిస్తాయి.

తానే తీసుకోలేని స్త్రీకి, అలా ఇష్టపడని స్త్రీకి నర్సు తీసి ఇస్తుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే కొన్ని చోట్ల సొంతంగా తీసుకోవడమే ఏకైక మార్గమన్నట్టు చెబుతారు. ఎంచుకునే వీలు ఉండటమే ఈ పద్ధతికి బలం.

నేను తీసుకున్న నమూనాను నమ్మవచ్చా అన్న సందేహం నాకూ కలిగింది, నాతో వచ్చిన వారందరికీ కలిగింది. నర్సు చెప్పిన జవాబు సరైనది: పీసీఆర్ పద్ధతిలో (వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి గుర్తించే పద్ధతి) పనిచేసే హెచ్‌పీవీ పరీక్షల్లో, స్త్రీ స్వయంగా తీసుకున్న నమూనాకూ వైద్య సిబ్బంది తీసిన నమూనాకూ క్యాన్సర్ ముందు దశ మార్పులను పట్టుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు తేల్చాయి. ఇది ఆస్తీ వసతీ లేని వారికి సరిపెట్టే తక్కువ రకం పరీక్ష అన్న అపోహ కూడా ఉంది. ఆస్ట్రేలియా 2022 జూలై నుంచి, పరీక్షకు అర్హులైన వారందరికీ స్వయంగా నమూనా తీసుకునే వీలు కల్పించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 మేలో, ఆరోగ్య కేంద్రాల్లో ఈ పద్ధతికి అనుమతి ఇచ్చింది. ఇంతకు ముందు వాడుకలో ఉన్న పాప్ స్మియర్‌లో కణాలను సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పగల నిపుణులు కావాలి; ఎసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే పరీక్షలో ఫలితం చూసేవారి అనుభవం మీద ఆధారపడుతుంది, పైగా నెలసరి ఆగిపోయిన స్త్రీలలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోవడం వల్ల అది అంతగా పనికిరాదు. డీఎన్‌ఏ పరీక్షకు ఈ ఇబ్బందులు తక్కువ. దానికి ఉన్న పరిమితి వేరు: అది వైరస్ ఉందని చెబుతుంది, కణాలు మారాయో లేదో చెప్పదు. హెచ్ఐవీ ఉన్న స్త్రీలలో ఈ వైరస్ ఎక్కువ మందిలో కనిపిస్తుంది కాబట్టి, పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ వెంటనే చికిత్స చేయకుండా, మధ్యలో మరో పరీక్షతో వడపోసి అవసరమైన వారికే చికిత్స చేయాలన్నది ప్రస్తుత సూచన. అంటే పాజిటివ్ వచ్చిన స్త్రీ ఎలాగూ ఒకసారి పరీక్ష బల్ల ఎక్కాల్సిందే. ఈ మాట కిట్టు ఇచ్చేటప్పుడే చెప్పాలి. నాకు చెప్పలేదు. ఇది ఈ సేవలో నేను గమనించిన మొదటి లోపం.

ఫలితం చెప్పే పద్ధతిలో మెచ్చుకోదగ్గ జాగ్రత్త ఉంది. మనల్ని ఏ నంబరుకు, ఏ వేళలో పిలవవచ్చో, ఇంట్లో ఇంకెవరైనా ఫోను ఎత్తితే ఏమని చెప్పాలో ముందే అడిగి రాసుకుంటారు. ఫోను ఇంటిల్లిపాదికీ ఒకటే అయిన స్త్రీకి, వచ్చే మందుల రోజున నేరుగా చెబుతారు. కానీ ఫలితం రావడంలో ఆలస్యం చాలా ఉంది. నమూనాలన్నీ దూరంలోని ప్రయోగశాలకు వెళ్తాయి, అక్కడ తగినన్ని పోగయ్యాక యంత్రంలో పెడతారు. నాకు చెప్పిన గడువు దాటిపోయింది, నేనే అడిగితే తప్ప ఆలస్యానికి కారణం చెప్పలేదు. క్షయ పరీక్షకు, వైరల్ లోడ్ పరీక్షకు చాలా చోట్ల వాడే కార్ట్రిడ్జ్ (నమూనా వేసే చిన్న డబ్బా) యంత్రంలోనే హెచ్‌పీవీ కార్ట్రిడ్జ్ కూడా పనిచేస్తుంది, ఫలితం సుమారు గంటలో వస్తుంది. అలాంటి యంత్రం ఉన్న కేంద్రంలో, స్త్రీ మందులు తీసుకుని ఇంటికి బయలుదేరేలోగా ఫలితం తెలిసిపోవచ్చు, పాజిటివ్ అయితే ఆ రోజే తర్వాతి పరీక్ష కూడా అయిపోవచ్చు. కూలి వదులుకుని, పిల్లల్ని ఎవరికో అప్పగించి వచ్చే స్త్రీకి ఒక ప్రయాణం తగ్గడం చిన్న విషయం కాదు.

నా ఫలితం పాజిటివ్. ఫోనులో ఆ మాట చెప్పిన కౌన్సెలర్, ఇది క్యాన్సర్ కాదని, వైరస్ మాత్రమేనని మొదటి వాక్యంలోనే చెప్పింది. అందుకు ఆమెకు కృతజ్ఞురాలిని. అయితే మరో మాట కూడా ఆమె చెప్పి ఉండాల్సింది. హెచ్‌పీవీ అత్యంత సాధారణమైన వైరస్. లైంగిక జీవితం ఉన్నవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఏళ్ళ తరబడి ఏ జాడా లేకుండా ఉండి తర్వాత పరీక్షలో కనపడవచ్చు. కాబట్టి ఈరోజు పాజిటివ్ వచ్చిందంటే ఇటీవల ఎవరో ఏదో తప్పు చేశారని అర్థం కాదు. ఒకసారి హెచ్ఐవీ ఫలితం విన్న స్త్రీకి మళ్ళీ అలాంటి అక్షరాలతోనే మరో వైరస్ పాజిటివ్ అని వినడం పాత గాయాన్ని కెలుకుతుంది. ఇంట్లో పాత నిందలు మళ్ళీ లేస్తాయి. నాకు తెలిసిన ఒక స్త్రీ ఈ భయంతోనే, పాజిటివ్ అని తెలిశాక తర్వాతి పరీక్షకు రావడానికి చాలా కాలం తీసుకుంది. రెండు నిమిషాల మాటతో తీరే భయం అది.

తర్వాతి పరీక్ష ఈ కేంద్రంలోనే జరుగుతుంది, ఈ సేవలో మెచ్చుకోవాల్సిన రెండో గొప్ప విషయం ఇది. స్పెక్యులంతో (యోనిని తెరిచి ఉంచే పరికరం) ముఖద్వారాన్ని చూసి, పలుచని ఎసిటిక్ యాసిడ్ పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లబడిన భాగం ఉందేమో చూస్తారు. నన్ను పరీక్షించిన నర్సు ప్రతి అడుగూ ముందుగా చెప్పి చేసింది, స్పెక్యులం పెట్టే ముందు, ఆపమంటే ఆపుతానని చెప్పింది. నాకు తెల్లటి మచ్చ కనిపించింది. అది చిన్నది, దాని అంచులన్నీ కనపడుతున్నాయి, గర్భాశయ ముఖద్వార నాళం లోపలికి పాకలేదు, క్యాన్సర్ అనుమానం లేదు. ఈ షరతులన్నీ ఉంటేనే థర్మల్ అబ్లేషన్ చేస్తారు. వేడెక్కిన మొనను ఆ భాగానికి ఆనించి, ఒక్కోసారికి 20 నుంచి 30 సెకన్ల పాటు ఉంచి, మారిన కణాలను నాశనం చేసే చికిత్స ఇది. ఆ రోజే చేశారు. నెలసరి నొప్పి లాంటి పట్టు పొత్తికడుపులో కాసేపు వచ్చింది, పోయింది. తర్వాత కొన్ని వారాలు నీళ్ళలాంటి స్రావం ఉంటుందని, కనీసం నాలుగు వారాలు సంభోగానికి దూరంగా ఉండాలని, వీలుకాకపోతే కండోమ్ తప్పనిసరి అని చెప్పి, కండోమ్‌లు కూడా ఇచ్చారు. గాయం మానే రోజుల్లో ఆ భాగం నుంచి వెలువడే హెచ్ఐవీ పెరిగే అవకాశం ఉంటుంది కాబట్టి ఈ సలహా మనకు మరింత ముఖ్యం. జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, ఎక్కువ రక్తస్రావం ఉంటే వెంటనే రమ్మని కాగితం మీద రాసి ఇచ్చారు, ఆ కాగితం మీద హెచ్ఐవీ అన్న మాట ఎక్కడా లేదు. మన ఇబ్బంది తెలిసినవారే దాన్ని రాశారనిపించింది.

ఇంతవరకు వచ్చిన స్త్రీకి ఈ సేవ అద్భుతంగా పనిచేసినట్టే. ఇప్పుడు పని చేయని చోటు.

నాతో పాటే పరీక్ష చేయించుకున్న వారిలో ఒకామెకు మచ్చ నాళం లోపలికి పాకి ఉంది. వేడితో చేసే చికిత్స ఆమెకు సరిపోదు. మారిన భాగాన్ని విద్యుత్ తీగతో కోసి తీసే లీప్ అనే చికిత్స కావాలి, తీసిన ముక్కను పరీక్షకు పంపాలి. అది ఈ కేంద్రంలో చేయరు. ఆమె చేతికి కూడా, నాకు ఎన్నో ఏళ్ళ క్రితం ఇచ్చినట్టే, ఒక చీటీ ఇచ్చారు. ఆమె పెద్దాసుపత్రి దాకా వెళ్ళింది. విచారణ కిటికీ దగ్గర చీటీ చూసిన వ్యక్తి, ఏ వార్డుకు పంపాలో తెలియక, ఆమె స్థితిని పైకి చెబుతూ ఇంకొకరిని అడిగాడు. ఆమె చీటీ వెనక్కి తీసుకుని ఇంటికి వచ్చేసింది. అందరికంటే ముప్పు ఎక్కువ ఉన్న ఆమెకే ఈ సేవలో అందరికంటే తక్కువ అందింది. తర్వాత మా సహాయక బృందంలోని ఒక కార్యకర్త ఆమె వెంట వెళ్ళి చికిత్స చేయించింది కాబట్టి కథ సుఖాంతమైంది. అయితే అది ఆ కార్యకర్త మంచితనం వల్ల జరిగిందే కానీ సేవ వల్ల జరిగింది కాదు. మంచివారు దొరికిన వారికే దక్కే చికిత్సను సేవ అనలేం.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. లీప్ చేసే వైద్యురాలు నెలలో ఒక నిర్ణీత రోజున ఏఆర్‌టీ కేంద్రానికి రావచ్చు. అది సాధ్యపడకపోతే, పంపే ఆసుపత్రిలో ఒక నర్సు పేరు ముందుగా ఖాయం చేసి, స్త్రీ నేరుగా ఆమె దగ్గరకే వెళ్ళేలా, వెంట కేంద్రం మనిషి ఒకరు వచ్చేలా చూడవచ్చు. చీటీలో సంకేత సంఖ్య రాసి, వివరాలు వైద్యులే ఒకరికొకరు చెప్పుకోవచ్చు. ఇలాంటి ప్రయత్నం ప్రపంచంలో జరగనిది కాదు. 2006లో జాంబియా, లుసాకాలోని ప్రభుత్వ క్లినిక్‌లలో హెచ్ఐవీ సేవల పక్కనే ఈ పరీక్షను మొదలుపెట్టింది. నర్సులే పరీక్షించి, ముఖద్వారాన్ని డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి, వీలైనవారికి ఆ రోజే చికిత్స చేసి, సందేహం ఉన్న ఫోటోలను నిపుణులకు చూపేవారు. వైద్యులు తక్కువ, కేసులు ఎక్కువ ఉన్న చోట అంత కాలం క్రితమే జరిగిన పని అది.

లెక్కల గురించి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబర్‌లో ప్రకటించిన వ్యూహంలో 2030 నాటికి చేరాల్సిన మూడు లక్ష్యాలు ఉన్నాయి: 90 శాతం బాలికలకు 15 ఏళ్ళలోపు హెచ్‌పీవీ టీకా, 70 శాతం స్త్రీలకు 35 ఏళ్ళలోపు, మళ్ళీ 45 ఏళ్ళలోపు నాణ్యమైన పరీక్ష, వ్యాధి బయటపడిన వారిలో 90 శాతం మందికి చికిత్స. మా కేంద్రం గోడ మీద ఎన్ని నమూనాలు తీసుకున్నారో చూపే పట్టిక ఉంది. పాజిటివ్ వచ్చిన వారిలో ఎంతమంది చికిత్స దాకా చేరారో చూపే పట్టిక లేదు. మొదటి సంఖ్య పెరిగి, రెండోది ఎవరూ చూడకపోతే, ఫలితం తెలిసీ చికిత్స అందని స్త్రీలను మనం కొత్తగా తయారు చేస్తున్నట్టే. వారి రోజులు ఎలా గడుస్తాయో ఆలోచించాలి.

చికిత్స తర్వాతి కాలాన్ని కూడా ఈ సేవ సరిగా పట్టుకోలేదు. హెచ్ఐవీ ఉన్న స్త్రీలలో చికిత్స తర్వాత మార్పులు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే చికిత్స అయిన ఏడాదికి మళ్ళీ హెచ్‌పీవీ పరీక్ష చేయాలి, అది నెగెటివ్ వచ్చినా మరో ఏడాదికి ఇంకోసారి చేయాలి, ఆ రెండూ బాగుంటేనే 3 నుంచి 5 ఏళ్ళ మామూలు వ్యవధికి వెళ్ళాలి. నా ఏడాది గడువు వచ్చినప్పుడు ఎవరూ గుర్తు చేయలేదు. నేనే తేదీ రాసి పెట్టుకున్నాను కాబట్టి అడిగి చేయించుకున్నాను. మాత్రల తేదీని ఒక్క రోజు తప్పినా ఫోను చేసే కేంద్రమిది. ఆ తేదీ రాసే పుస్తకంలోనే, ఆ పేజీలోనే, తర్వాతి ముఖద్వార పరీక్ష అని ఒక గడి గీస్తే సరిపోతుంది.

ఎవరు ఈ సేవకు అందకుండా పోతున్నారో కూడా చెప్పాలి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఇప్పుడు మూడు నెలల, ఆరు నెలల మందులు ఒకేసారి ఇస్తున్నారు. అది మనందరం కోరుకున్న సౌకర్యమే. కానీ కేంద్రానికి వచ్చే సార్లు తగ్గాయి కాబట్టి, ఆ ఒక్క రోజున నెలసరి ఉన్నా, నర్సు సెలవులో ఉన్నా, పరీక్ష మరో ఆరు నెలలు వెనక్కి పోతుంది. మాత్రల సంచిలోనే కిట్టు కూడా పెట్టి ఇంటికి పంపి, తర్వాత తెచ్చి ఇమ్మంటే ఈ చిక్కు తీరుతుంది. ద్రవం అవసరం లేకుండా పొడిగానే ప్రయోగశాలకు పంపగలిగే స్వాబ్‌లు (నమూనా తీసే పుల్లలు) కూడా ఉన్నాయి. మందులను ఇంకొకరి చేత తెప్పించుకునేవారికి, నడవలేని వారికి, పని కోసం ఊళ్ళు మారేవారికి ఇదే మార్గం. 50 దాటిన స్త్రీలను ఇక అవసరం లేదని పంపేయడం కూడా చూశాను. వరుసగా రెండుసార్లు నెగెటివ్ వచ్చిన వారి విషయంలో ఆ మాట సరైనదే, జీవితంలో ఒక్కసారీ పరీక్ష చేయించుకోని వారి విషయంలో సరైనది కాదు. గర్భాశయం ఉన్న ట్రాన్స్ పురుషులకు (పుట్టినప్పుడు ఆడపిల్లగా లెక్కించినా పురుషులుగా జీవించేవారికి) ఈ స్వీయ నమూనా పద్ధతి ఎంతో అనువైనది, అయినా స్త్రీలు అని మాత్రమే రాసి ఉన్న ఆ బోర్డు కింద వారు నిలబడలేరు.

ఇన్ని లోపాలు చెప్పాక కూడా, హెచ్ఐవీతో జీవిస్తూ 25 దాటిన ప్రతి స్త్రీనీ ఈ సేవ ఉన్న చోట వాడుకోమనే చెబుతాను. మీ కేంద్రంలో ఎవరూ అడగకపోతే మీరే అడగండి. కిట్టు తీసుకునే ముందు మూడు సంగతులు తెలుసుకోండి: ఫలితం ఎప్పుడు, ఎలా చెబుతారు, పాజిటివ్ వస్తే తర్వాతి పరీక్ష ఇక్కడేనా, పెద్ద చికిత్స కావాల్సి వస్తే ఎవరి దగ్గరకు, ఎవరి వెంట పంపుతారు. మూడో దానికి స్పష్టమైన జవాబు రాకపోతే పరీక్ష మానకండి, సహాయక బృందంలో ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇంకో విషయం, ఈ కిట్టు ఏ లక్షణమూ లేని వారి కోసం. సంభోగం తర్వాత గానీ, నెలసరికి నెలసరికి మధ్య గానీ, నెలసరి ఆగిపోయాక గానీ రక్తం కనిపిస్తున్నా, దుర్వాసనతో స్రావం తగ్గకుండా ఉన్నా, దీని ఫలితం కోసం వేచి చూడకుండా, స్పెక్యులంతో పరీక్షించమని ఆ రోజే వైద్యురాలిని అడగండి.